ఆకు లోపలి బూజు: మందు చెట్టుదా, బూజుదా?

నెల్లూరు జిల్లాలో ఏ చెరువు కట్ట ఎక్కినా, ఏ కాలవ వెంబడి నడిచినా ఊదారంగు గరాటు పూలతో గుబురుగా పెరిగిన లొట్టపీసు మొక్క కనిపిస్తుంది. మేకలు, గొర్రెలు మామూలుగా దాని జోలికి పోవు. ఎండాకాలంలో పచ్చిమేత దొరక్క వారాల తరబడి దాన్నే మేస్తే తల వణకడం, కాళ్లు తడబడడం, చిక్కి శల్యమవడం మొదలవుతాయి. స్వైన్సొనిన్ అనే ఆల్కలాయిడ్ దీనికి ప్రధాన కారణం. కణంలో చక్కెర గొలుసులను విడగొట్టే ఆల్ఫా-మానోసిడేజ్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. విడిపోని చక్కెరలు నరాల కణాల్లో పేరుకుపోతాయి.

చాలాకాలం దాన్ని మొక్క విషమనే అనుకున్నారు. 2013లో ప్రచురితమైన పరిశోధన ఆ లెక్క మార్చింది. లొట్టపీసు విత్తనాలకు శిలీంధ్రనాశిని పట్టించి మొలిపిస్తే, ఆ మొక్కల్లో స్వైన్సొనిన్ కనిపించలేదు. మొక్క సొంతంగా చేసుకునే కాలిస్టెజిన్లు అనే ఆల్కలాయిడ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. విత్తనం ద్వారా తల్లి నుంచి పిల్లకు వచ్చే ఒక శిలీంధ్రం, కీటోథైరియేల్స్ అనే వర్గానిది, ఆ విషాన్ని తయారు చేస్తోంది.

ఔషధ మొక్కల్లో ఉండే శిలీంధ్రాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రయోగాన్ని మనసులో పెట్టుకోవాలి. శిలీంధ్రం ఉంటే పదార్థం ఉంది, శిలీంధ్రాన్ని తీసేస్తే పదార్థం పోయింది, మొక్క సొంత సరుకు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ పదార్థం ఎవరిదో ఇంత తేటగా తేల్చిన సందర్భాలు ఈ రంగంలో తక్కువ. తేల్చకుండానే పెద్ద మాటలు చెప్పినవి చాలా ఎక్కువ.

మొక్క కణజాలం లోపల బతుకుతూ, బయటికి ఏ జబ్బు లక్షణమూ చూపించని జీవులను ఎండోఫైట్లు అంటారు. ఈ మాటను 1866లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ వాడుకలోకి తెచ్చారు. వేపాకు, తిప్పతీగ, పొడపత్రి, బిళ్ళగన్నేరు, ఏది తీసుకున్నా లోపల ఇవి ఉంటాయి. కొన్ని విత్తనంలోనే వస్తాయి. ఎక్కువ భాగం గాలిలో, వాన తుంపరలో వచ్చి ఆకు మీద వాలి, పత్రరంధ్రాల గుండానో, ఆకు పైపొరను చీల్చుకునో లోపలికి దూరతాయి. అందుకే లేతాకులో కన్నా ముదురాకులో, ఎండాకాలంలో కన్నా వానల తర్వాత ఎక్కువ దొరుకుతాయి.

వీటిని 'మంచి బూజు' అనేయడం తొందరపాటు. మిరపలో కాయకుళ్లు, మామిడిలో ఆకుమచ్చ తెచ్చే కొల్లెటోట్రైకమ్ ప్రజాతే అడవి మొక్కల ఆకుల్లో ఏ హానీ చేయకుండా కూర్చుని ఉంటుంది. మొక్క బలంగా ఉన్నంతకాలం ఒదిగి ఉంటుంది, ఆకు పండిపోయేసరికి కుళ్లబెట్టే పనిలో దిగుతుంది. మొక్క తనను తోసేయకుండా తట్టుకోవాలి, అదే ఆకులో ఉన్న ఇతర శిలీంధ్రాలను, బాక్టీరియాను నిలవరించాలి. ఈ ఇరుకు కాపురంలో దానికి రసాయనాలే ఆయుధాలు. మనకు పనికొచ్చే పదార్థాలు పుట్టేది కూడా ఇక్కడే.

ఆశ పుట్టిన చోటు

1993లో అమెరికాలోని మోంటానాలో ఒక యూ చెట్టు బెరడు నుంచి తీసిన శిలీంధ్రం టాక్సాల్ తయారు చేస్తోందని గ్యారీ స్ట్రోబెల్, ఆండ్రియా స్టియర్లీ, డొనాల్డ్ స్టియర్లీ ప్రకటించారు. దానికి టాక్సోమైసిస్ ఆండ్రియానే అని పేరు పెట్టారు. అంతకు ఏడాది ముందే, 1992లో, టాక్సాల్‌కు అండాశయ క్యాన్సర్ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు కోసం నెమ్మదిగా పెరిగే యూ చెట్ల బెరడు ఒలవాల్సి వస్తున్న రోజులవి. బూజును తొట్టిలో పెంచితే చెట్టు నరకక్కర్లేదు కదా అని ప్రపంచమంతా ఆశపడింది.

అయితే ఆ శిలీంధ్రం ఇచ్చింది లీటరు ద్రవానికి 24 నుంచి 50 నానోగ్రాములు. టాక్సాల్ మోతాదు సాధారణంగా శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్లకు ఒక్కసారికి సుమారు 300 మిల్లీగ్రాములు. లీటరుకు 50 నానోగ్రాములే వేసుకున్నా ఒక్క మోతాదుకు 60 లక్షల లీటర్ల ద్రవం పెంచాలి. వేసవిలో కనిగిరి వైపు తిరిగే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 1,200 నిండుతాయి. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఎన్నో శిలీంధ్రాల మీద ఇలాంటి ప్రకటనలే వచ్చాయి. 2013లో జర్మన్ పరిశోధకులు మొదటి టాక్సోమైసిస్‌తో సహా కొన్నింటిని మళ్లీ పరీక్షించి, టాక్సాల్‌ను సొంతంగా తయారు చేసే సామర్థ్యం వాటికి ఉన్నట్టు ఆధారం లేదని తేల్చారు. ఈ రోజు టాక్సాల్ వస్తున్నది యూ ఆకుల్లోని పూర్వపదార్థాన్ని రసాయనికంగా మార్చడం వల్ల, యూ కణాలను తొట్టెల్లో పెంచడం వల్ల. శిలీంధ్రం వల్ల కాదు.

క్యాన్సర్ మందులకు మూలమైన క్యాంప్టోథెసిన్ కథ ఇంకా ఎక్కువ నేర్పుతుంది. పశ్చిమ కనుమల్లో దొరికే నోథాపోడైటిస్ చెట్టు నుంచి తీసిన శిలీంధ్రం దాన్ని చేస్తోందని 2005లో మన దేశపు పరిశోధకులు చెప్పారు. తర్వాత క్యాంప్టోథీకా చెట్టు నుంచి తీసిన ఫ్యుజేరియం సొలానీ మీద సౌవిక్ కుసారి బృందం లోతుగా పని చేసింది. ఆ పదార్థం తయారయ్యే గొలుసులో స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అనే ఎంజైము కీలకం. అది శిలీంధ్రంలో లేదు. చెట్టులో ఉన్నంతకాలం చెట్టు ఎంజైమునే వాడుకుంటోందని ఆ బృందం అభిప్రాయం. బయటకు తీసి ప్రయోగశాలలో ఒక పెట్రీ పళ్లెం నుంచి మరో పళ్లెంలోకి మారుస్తూ పోతే కొన్ని తరాలకే ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది. వంట సగం ఒకరింట్లో, సగం పక్కింట్లో జరుగుతున్నప్పుడు ఒకరిని విడదీసుకొచ్చి కూర అడిగితే ఏం వస్తుంది?

ఇంకో లెక్క కూడా చూడాలి. శిలీంధ్రాల్లో ఒక రసాయనాన్ని తయారు చేసే జన్యువులు సాధారణంగా క్రోమోజోమ్ మీద ఒకే చోట వరసగా ఉంటాయి. మొక్కల్లో అవి చాలావరకు చెల్లాచెదురుగా ఉంటాయి. ఇరవై మెట్ల గొలుసు మొత్తం చెట్టు నుంచి శిలీంధ్రంలోకి గంపగుత్తగా దూకిందని చెప్పాలంటే శిలీంధ్రపు మొత్తం డీఎన్ఏ, అంటే జీనోమ్, చూపించి చెప్పాలి.

శిలీంధ్రం సొంత సరుకు

ఈ రంగం పనికిరానిదని దీని అర్థం కాదు. తప్పంతా వెతుకుతున్న వస్తువులో ఉంది. నేలవేము ఆకులోని శిలీంధ్రంలో ఆండ్రోగ్రాఫొలైడ్ కోసం, బిళ్ళగన్నేరులోని శిలీంధ్రంలో క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ కోసం వెతికే బదులు, శిలీంధ్రం తన బతుకు కోసం చేసుకునేదేమిటో చూడాలి. దీనికి గట్టి ఉదాహరణ స్పెయిన్‌లో దొరికింది. జూనిపర్ పొద పచ్చి ఆకుల నుంచి హోర్మోనీమా అనే శిలీంధ్రాన్ని తీశారు. అది ఎన్‌ఫుమాఫంగిన్ అనే ట్రైటెర్పీన్ గ్లైకోసైడ్ తయారు చేస్తుంది. ఇతర శిలీంధ్రాలు కణకవచంలో గ్లూకాన్ అల్లుకునే ఎంజైమును ఇది ఆపేస్తుంది. మన శరీరంలో ఆ గ్లూకానూ లేదు, ఆ ఎంజైమూ లేదు. ఈ అణువును కొద్దిగా మార్చి చేసిన ఇబ్రెక్సాఫంజెర్ప్ అనే మాత్రకు 2021 జూన్‌లో అమెరికాలో క్యాండిడా అనే శిలీంధ్రం తెచ్చే యోని ఇన్ఫెక్షన్‌కు అనుమతి వచ్చింది. జూనిపర్ ఔషధ గుణానికీ దీనికీ సంబంధం లేదు. ఆకులో పొరుగు శిలీంధ్రాన్ని తరమడానికి చేసుకున్న సరుకు అది.

ఇంకో దారి కూడా ఉంది. శిలీంధ్రం తాను మందు చేయకపోయినా మొక్క చేత ఎక్కువ చేయించవచ్చు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) శాస్త్రవేత్తలు బిళ్ళగన్నేరు ఆకుల నుంచి తీసిన రెండు శిలీంధ్రాలను తిరిగి మొక్కలకు ఎక్కిస్తే, మరో క్యాన్సర్ మందైన విన్‌బ్లాస్టిన్‌కు ముడిసరుకైన విండొలిన్ మోతాదు మొక్కలో పెరిగిందని 2016లో చూపించారు. మందు మొక్కలు సాగు చేసే రైతుకు తొట్టెల్లో బూజు పెంచడం కన్నా ఇదే దగ్గర దారి అనిపిస్తుంది.

ఆకు నుంచి పళ్లెం దాకా

ఉదయగిరి, పెంచలకోన చుట్టూ వెలిగొండలు, ప్రకాశం పడమటన నల్లమల, తూర్పున ఇసుక దిబ్బల మీద బిళ్ళగన్నేరు. ఈ ప్రాంతంలో సరుకుకు కొదవ లేదు. నెల్లూరుకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది కాబట్టి ఆకులు కోయడానికి డిసెంబరు, జనవరి మంచి నెలలు. మే నెలలో కోస్తే చాలా ముక్కల్లో ఏమీ రాకపోవచ్చు.

కనీసం ఐదు మొక్కల నుంచి మచ్చ, పురుగు కాటు లేని ముదురాకులు తీసుకోవాలి. కాగితపు కవరులో పెట్టి ఐసు పెట్టెలో ఉంచి, 24 గంటల్లోగా పని మొదలుపెట్టాలి. పాలిథిన్ సంచిలో మూతికట్టి మోటారు సైకిలు డిక్కీలో పెడితే ఆకు ఉడికిపోయి, పళ్లెం నిండా బాక్టీరియానే వస్తుంది. పూత ఉన్న కొమ్మ ఒకటి నొక్కి ఎండబెట్టి భద్రపరచడం మరిచిపోకూడదు. ఊరి పేర్లు నమ్మి మోసపోయేది ఇక్కడే. సుగంధిపాల పేరుతో బజారులో హెమిడెస్మస్ వేళ్లూ దొరుకుతాయి, మారేడు గడ్డలుగా పిలిచే డెకాలెపిస్ వేళ్లూ దొరుకుతాయి. రెండూ వేరు వేరు మొక్కలు.

తర్వాత పని ఆకు పైనున్న జీవులను చంపి, లోపలున్నవాటిని బతికించడం. కుళాయి నీటి ధార కింద 10 నిమిషాలు కడగాలి. 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, 4 శాతం క్లోరిన్ ఉన్న సోడియం హైపోక్లోరైట్‌లో 90 సెకన్ల నుంచి రెండు నిమిషాలు, మళ్లీ ఇథనాల్‌లో 30 సెకన్లు, శుద్ధి చేసిన నీటిలో మూడుసార్లు. కాండం, బెరడు అయితే హైపోక్లోరైట్‌లో ఐదు నిమిషాల దాకా ఉంచవచ్చు. కానుగ లాంటి నున్నటి ఆకు మీద నీరు జారిపోతుంది కాబట్టి హైపోక్లోరైట్‌లో ద్రవం ఆకుకు అంటుకునేలా చేసే, సబ్బు లాంటి ట్వీన్ 20 ఒక చుక్క కలపాలి. ఆకును ముందు ముక్కలు కోసి ముంచితే కోసిన అంచుల్లోంచి క్లోరిన్ లోపలికి పోయి ఎండోఫైట్లు కూడా చస్తాయి. అందుకే మొత్తం ఆకును శుద్ధి చేశాకే అంచులు తీసేసి, అర సెంటీమీటరు ముక్కలు కోయాలి.

హైపోక్లోరైట్ సీసా మీద 4 శాతం అని రాసి ఉన్నంత మాత్రాన లోపల అంత ఉండదు. మన ఎండలకు నెలలు గడిచే కొద్దీ క్లోరిన్ ఎగిరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, తెరిచిన తేదీ రాసుకుని, రెండు నెలలు దాటితే మార్చేయడం మేలు. శుద్ధి సరిగా జరిగిందో లేదో తెలియడానికి, శుద్ధి చేసిన ఆకును, ఇంకా ఏమీ వేయని పళ్లెంలోని అగార్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద ఐదు నిమిషాలు ఒత్తి తీసేయాలి. చివరిసారి కడిగిన నీటిని మరో పళ్లెంలో పరచాలి. ఈ రెండింటిలో ఏదైనా మొలిస్తే ఆ రోజు తీసిన శిలీంధ్రాలన్నిటినీ పక్కన పెట్టాల్సిందే. ఈ పరీక్ష లేకుండా 'ఎండోఫైట్' అని రాసే హక్కు ఎవరికీ లేదు.

ముక్కలను లీటరుకు 100 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్ కలిపిన బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగార్ మీద, 9 సెంటీమీటర్ల పళ్లేనికి నాలుగైదు చొప్పున పెట్టాలి. అంతకంటే ఎక్కువ పెడితే వేగంగా పెరిగే ఆస్పర్జిల్లస్ మూడు రోజుల్లో పళ్లేన్ని మింగేస్తుంది. 25 నుంచి 28 డిగ్రీల మధ్య, మూడు నాలుగు వారాలు ఉంచాలి. నాలుగో రోజుకో ఐదో రోజుకో కోసిన అంచు నుంచి తెల్లటి పోగులు, సాలెగూటి దారాల్లా, బయటికి వస్తాయి. అప్పుడే పోగు చివరను సూదితో తీసి కొత్త పళ్లెంలోకి మార్చాలి. ఆలస్యమైతే రెండు శిలీంధ్రాలు కలిసిపోతాయి. వారం రోజుల్లో వచ్చినవాటితో సరిపెట్టుకుని పళ్లేలు పారేసేవాళ్లు కోల్పోయేది మూడో వారంలో వచ్చే నెమ్మదైన జాతులను. కొత్త రసాయనాలకు వాటి మీదే ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు.

ఎన్ని ముక్కల్లో శిలీంధ్రం వచ్చిందో మొత్తం ముక్కలతో భాగించి 100తో గుణిస్తే ఆవాస శాతం వస్తుంది. చాలా శిలీంధ్రాలు బీజాలు ఇవ్వకుండా వట్టి పోగులుగానే ఉండిపోతాయి కాబట్టి సూక్ష్మదర్శిని ఒక్కటే చాలదు, డీఎన్ఏలో శిలీంధ్రాలను గుర్తుపట్టడానికి వాడే ఐటీఎస్ భాగాన్ని చదివించాలి. అయితే ఫ్యుజేరియం, కొల్లెటోట్రైకమ్, డయాపోర్తే లాంటి వాటిలో ఐటీఎస్ ప్రజాతి దాకానే నమ్మకంగా చెబుతుంది. జాతి పేరు రాయాలంటే మరో రెండు జన్యువులు కావాలి.

బియ్యం మీద పంట

పదార్థం కోసం శిలీంధ్రాన్ని ద్రవంలోనూ పెంచవచ్చు, బియ్యం మీదా పెంచవచ్చు. బియ్యం మీద చాలా శిలీంధ్రాలు ఎక్కువ రకాల పదార్థాలు ఇస్తాయి. లీటరు కోనికల్ ఫ్లాస్క్‌లో 100 గ్రాముల బియ్యం, 110 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీరు పోసి రాత్రంతా నానబెట్టి, 121 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఒత్తిడి ఆవిరిలో (ఆటోక్లేవ్) శుద్ధి చేయాలి. గింజ గింజకు విడిగా ఉండాలి. నూకలు వాడితే ముద్దయిపోతుంది, ముద్ద మధ్యకు గాలి పోదు, బూజు పైపైనే పెరిగి అడుగున బాక్టీరియా చేరుతుంది. నీరు ఎక్కువైనా అదే గతి. నాలుగు వారాల తర్వాత 500 మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్ పోసి రాత్రంతా ఉంచి, వడకట్టి, 40 డిగ్రీలు దాటకుండా రోటరీ ఆవిరి యంత్రంలో ఆరబెట్టాలి. బియ్యపు నూనె కూడా సారంలోకి వస్తుంది. దాన్ని 90 శాతం మిథనాల్‌లో కరిగించి హెక్సేన్‌తో రెండు మూడుసార్లు కడిగితే కొవ్వు హెక్సేన్‌లోకి పోతుంది.

దీనితోపాటు శిలీంధ్రం వేయని బియ్యం ఫ్లాస్క్ ఒకటి పక్కనే పెట్టి, అన్ని మెట్లూ దానికీ చేయాలి. సారంలో కనిపించినవాటిలో బియ్యానివేవో, ద్రావకానివేవో తెలిసేది దీనివల్లే.

ఈ కాపలా లేకపోవడం వల్ల ఎంత చెత్త ప్రచురణకెక్కిందో చెప్పలేం. ముడి సారాన్ని, పదార్థాలను ఆవిరి చేసి విడదీసి గుర్తించే యంత్రమైన జీసీ-ఎంఎస్‌లో పెట్టి, యంత్రం లైబ్రరీతో పోల్చి ఇచ్చిన పేర్లన్నిటినీ 'జీవక్రియాశీల పదార్థాలు' అని పట్టిక వేసేస్తారు. ఆ పట్టికలో తరచు కనిపించేవి హెక్సాడెకనాయిక్ ఆమ్లం, థాలేట్లు. మొదటిది దాదాపు ఏ జీవిలోనైనా ఉండే కొవ్వు ఆమ్లం, రెండోది చాలాసార్లు ప్లాస్టిక్ గొట్టాల నుంచో ద్రావకపు డబ్బా నుంచో వచ్చేది. పైగా జీసీ-ఎంఎస్‌కు ఆవిరయ్యే చిన్న అణువులే కనిపిస్తాయి. 854 అణుభారం ఉన్న టాక్సాల్ లాంటిది అందులో కనిపించనే కనిపించదు. హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలో పదార్థాలను విడదీసే యంత్రంలో) తెలిసిన మందుతో సమానమైన సమయానికి గీతలో ఒక శిఖరం వచ్చినా రుజువు కాదు. వేరే పదార్థం కూడా అదే నిమిషానికి రావచ్చు. అణువును విరగ్గొట్టినప్పుడు వచ్చే ముక్కల ద్రవ్యరాశులు సరిపోలాలి, కొత్త పదార్థమైతే శుద్ధిచేసిన కొన్ని మిల్లీగ్రాముల మీద అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ పరీక్ష చేయాలి. నెలల పని అది, అడ్డదారి లేదు.

పరీక్షల్లోనూ ఇదే జాగ్రత్త. సారం పట్టించిన కాగితపు బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందన్నది ఒక సైగ మాత్రమే. నూనె స్వభావం ఉన్న పదార్థం అగార్‌లో పాకదు, బలమైనదైనా చిన్న వలయమే ఇస్తుంది. బాక్టీరియాను ఆపే కనిష్ఠ మోతాదు కొలవాలి. ముడి సారానికి అది మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు, శుద్ధ పదార్థానికి 10 లోపు ఉంటే ముందుకు పోవచ్చు. ఒక మిల్లీగ్రాము దాటాక పనిచేసేదాన్ని మందు అనడం సరికాదు. కరిగించడానికి వాడిన డీఎంఎస్ఓ అనే ద్రావకం ఒక శాతం మించితే అదే బాక్టీరియాను ఇబ్బంది పెడుతుంది. ఇక యాంటీఆక్సిడెంట్ గుణం చూడడానికి చేసే, 517 నానోమీటర్ల వద్ద రంగు పోయే డీపీపీహెచ్ పరీక్ష ఏ ఫీనాల్‌కైనా 'అవును' అంటుంది. దాన్నిబట్టి రోగం మీద గుణం చెప్పడం కుదరదు.

పళ్లెంలో మూగబోవడం

మొదటిసారి మంచి ఫలితం ఇచ్చిన శిలీంధ్రం ఆరు నెలల తర్వాత ఏమీ ఇవ్వకపోవడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యేదే. ఆకులో పొరుగు జీవుల పోటీ, మొక్క రసాయనాల పలకరింపు ఉండేవి. చక్కెర నిండిన పళ్లెంలో అవి లేవు. అవసరం లేని జన్యువులను శిలీంధ్రం మూసేస్తుంది. జీనోమ్ చదివితే పదుల సంఖ్యలో రసాయన జన్యు సమూహాలు కనిపిస్తాయి, ప్రయోగశాలలో తెరుచుకునేవి కొన్నే. అందుకే ఒకే శిలీంధ్రాన్ని నాలుగైదు రకాల ఆహారం మీద, వేర్వేరు ఉప్పు, వెలుతురు, ఉష్ణోగ్రతల్లో పెంచి చూడాలి. అదే ఆకులోని మరో శిలీంధ్రంతో ఒకే పళ్లెంలో ఎదురెదురుగా పెడితే రెండూ కలిసే గీత దగ్గర కొత్త రంగు కనిపించవచ్చు. మూసుకున్న జన్యువులను తెరిపించడానికి 5-అజాసైటిడిన్ లాంటివి వాడతారు గానీ, మోతాదు కాస్త ఎక్కువైతే శిలీంధ్రమే చస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం మొదటి తరాన్ని దాచుకోవడం. శుద్ధమైన సంవర్ధనం (వేరే జీవి కలవకుండా పెంచిన శిలీంధ్రం) చేతికి వచ్చిన వారమే కనీసం పది గొట్టాలు 15 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల వద్ద పెట్టాలి. ఆ సదుపాయం లేని కళాశాలల్లో, శుద్ధి చేసిన నీటిలో అగార్ ముక్కలు వేసి మూత బిగించి 4 డిగ్రీల వద్ద ఉంచితే చాలా శిలీంధ్రాలు ఏడాదికి పైగా బతుకుతాయి. ప్రతి ప్రయోగమూ ఈ గొట్టాల నుంచే మొదలవ్వాలి, మొన్నటి పళ్లెం నుంచి కాదు.

ఇదంతా ప్రయోగశాల విషయం. ఇంట్లో కట్టగట్టి పెట్టిన నేలవేము మీద, సంచిలోని కరక్కాయల మీద పట్టే బూజు దీనికి పూర్తిగా వేరు. అది నిల్వ బూజు. వేరుశనగలో లాగే అందులోనూ అఫ్లాటాక్సిన్ చేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఉండవచ్చు. మామూలుగా కాచి కషాయం చేసినంత మాత్రాన ఆ విషం పోదు. బూజు పట్టిన సరుకును దులిపి వాడుకోకుండా పారేయాలి.

అడవిలో ఆకు కోసే ముందు అనుమతి సంగతి. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుసిల నరసింహ అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క కొమ్మ తుంచకూడదు. ఎర్రచందనం అయితే ఆకు కోయడం కూడా అనుమానానికి దారి తీస్తుంది, అనుమతి కాగితం జేబులోనే ఉండాలి. శిలీంధ్రం కూడా 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద జీవవనరే. దాని మీద పేటెంటు హక్కు కావాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప తొక్కాలి. ఫలితం ప్రచురించే ముందు ఆ శిలీంధ్రాన్ని చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రమైన ఎంటీసీసీలోనో, పుణెలోని అఘార్కర్ సంస్థ శిలీంధ్రాల సేకరణలోనో జమచేసి సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య పక్కన మొక్క పేరు, ఊరు, కోసిన తేదీ, ఆకో కాండమో, ఎన్నో తరం సంవర్ధనమో రాసి ఉంటే, పదేళ్ల తర్వాత ఒంగోలులో ఇంకొకరు అదే గొట్టం తెప్పించుకుని అదే పదార్థం వస్తోందో లేదో సరిచూసుకోగలరు.